సొంత కోర్టు, తటస్థ వేదిక: బడి బాస్కెట్‌బాల్ నాకౌట్ పోటీలు

నాకౌట్ దశకు చేరిన రెండు బడుల జట్లు ఎవరి కోర్టులో తలపడాలన్నది బాస్కెట్‌బాల్‌లో పాత పేచీ. దీన్ని తేల్చడానికి లోకంలో మూడు పద్ధతులున్నాయి. లీగ్‌లో పైన నిలిచిన జట్టు తన కోర్టులోనే ఆడడం ఒకటి. ఇద్దరికీ చెందని మూడో చోట ఆడడం రెండోది. అన్ని జట్లూ ఒకే ఊళ్లో దిగి మొదటి రౌండు నుంచి ఫైనల్ దాకా అక్కడే తేల్చుకోవడం మూడోది. అమెరికా హైస్కూళ్లలో వాదమంతా మొదటి రెండింటి మధ్యే. మన దగ్గర మూడోదే రివాజు. అందుకే హైదరాబాదులో వ్యాయామ ఉపాధ్యాయులు (పీఈటీ సార్లు) కలిసినప్పుడు ‘హోమా, న్యూట్రలా’ అని అడగరు, ‘ఈసారి హోస్ట్ ఎవరు’ అని అడుగుతారు. పాతబస్తీలోని గౌలిపుర లాంటి చోట ఈ ప్రశ్నకు ఇంకో చిక్కుంది. అక్కడి బడుల్లో చాలావాటికి సొంత కోర్టే లేదు. తటస్థ వేదిక మీద జరిగే చర్చలన్నీ ఇరుపక్షాలకూ ఎక్కడో ఒక సొంత చోటు ఉందన్న ఊహతో మొదలవుతాయి. ఆ ఊహ చెల్లని చోట తటస్థం అన్నమాటకు ఉన్న విలువ ఎంత అన్నదే ఈ వ్యాసంలో ప్రధానంగా చూడదగ్గ విషయం.

గీతలు ఒకటే, కోర్టులు వేరు

అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల ప్రకారం కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తున, ఫ్రీ త్రో గీత బోర్డుకు 4.60 మీటర్ల దూరాన ఉంటాయి. 1986లో వచ్చిన ‘హూజియర్స్’ సినిమాలో, పెద్ద స్టేడియం చూసి బెదిరిన పల్లెటూరి పిల్లల చేత కోచ్ టేపు పట్టించి రింగు ఎత్తు, ఫ్రీ త్రో దూరం కొలిపిస్తాడు. మన జిమ్‌లో ఎంతో ఇక్కడా అంతే అని చూపించడం అతని ఉద్దేశం. సన్నివేశం బాగుంటుంది గానీ, టేపుకు అందని సంగతులే కోర్టులో ఎక్కువ.

హైదరాబాదు బడుల కోర్టులు చాలావరకు ఆరుబయట సిమెంటు గచ్చు మీద ఉంటాయి. పలకకూ పలకకూ మధ్య సందు వచ్చినచోట బంతి సరిగా లేవదు. ఆ సందు ఎక్కడుందో రోజూ ఆడే పిల్లలు కిందికి చూడకుండానే తప్పించుకుంటారు. బయటి జట్టుకు బంతి చేజారాక గాని తెలియదు. బోర్డు సంగతీ అంతే. ఇనుప రేకు బోర్డుకు తగిలిన బంతి ఒక రకంగా, ఫైబర్ బోర్డుకు తగిలిన బంతి మరో రకంగా తిరిగొస్తుంది. స్ప్రింగు లేని గట్టి రింగు అంచుకు తగిలిన బంతి దూరంగా ఎగురుతుంది కాబట్టి రీబౌండ్ కోసం రింగు కింద కాచుకున్న పొడగరికి దక్కకుండా వెనక నిలబడ్డ గార్డుకు చిక్కుతుంది. నెట్ చిరిగిపోయిన రింగులో బంతి లోపలినుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా అని తగవు పడడం మామూలే. ఆ తగవులో గెలిచేది సాధారణంగా కేకలు ఎక్కువ వేయగలిగిన పక్షం, అంటే ఆతిథ్య బడి.

గీతలు సైతం అన్నిచోట్లా ఒకటి కావు. 2010లో ఫిబా మూడు పాయింట్ల గీతను 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిపింది. రింగు ముందు కింది వైపు వెడల్పవుతూ పోయే పాత ‘కీ’ స్థానంలో దీర్ఘచతురస్రం తెచ్చింది. రంగు మార్చని కోర్టులో ఏళ్ల తరబడి సాధన చేసిన పిల్లవాడు కొత్త గీతలున్న ఇండోర్ స్టేడియానికి వస్తే, అరమీటరు వెనకనుంచి బంతి వేయాలి. పద్నాలుగేళ్ల వయసులో అరమీటరు తక్కువ దూరమేమీ కాదు.

నిబంధనల పుస్తకంలో ఇంకో తమాషా ఉంది. ఆడే చోటు ఎవరిదైనా సరే, షెడ్యూలులో ముందు పేరున్న జట్టునే హోమ్ జట్టుగా లెక్కిస్తారు. లేతరంగు చొక్కాలు ఆ జట్టువే. స్కోరర్ బల్ల దగ్గర నిలబడి కోర్టు వైపు చూస్తే ఎడమ పక్క బెంచీ, ఎడమ పక్క రింగు ఆ జట్టుకే చెందుతాయి. పూర్తిగా తటస్థమైన వేదికలోనూ ఒకరిని ఇంటివారుగా, మరొకరిని చుట్టాలుగా నిలబెట్టనిదే ఆట మొదలు కాదు. ఆరుబయటి కోర్టులో సాయంత్రం మ్యాచ్ అయితే ఈ బెంచీల సంగతి ఉత్త లాంఛనం కాదు. రెండు రింగుల్లో ఒకటి సూర్యుడికి ఎదురవుతుంది. రెండో సగంలో జట్లు రింగులు మార్చుకునేటప్పటికి ఎండ దిగిపోయి ఉంటుంది.

టోర్నమెంటు అనే మన అలవాటు

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ చేతుల మీద పుట్టింది. మన దక్షిణానికి ఆ ఆట బాగా పాకడం వెనక కూడా వైఎంసీఏనే ఉంది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో మొదలుపెట్టిన వ్యాయామ విద్యా కళాశాలలో చదివినవాళ్లు డ్రిల్లు మాస్టర్లుగా ఊరూరా చేరారు. సికింద్రాబాదు, నారాయణగూడ వైఎంసీఏ కోర్టులు జంటనగరాల్లో ఈ ఆటకు నేటికీ తెలిసిన చిరునామాలు. ఇలా ఆట అమెరికా నుంచి వచ్చినా, పోటీ జరిపే తీరు మాత్రం అక్కడిది కాదు. మన దేశంలో పోటీ అంటే ఒక ఊరు, ఒక కప్పు, ఒక వారం. బ్రిటిష్ కాలపు ఫుట్‌బాల్ టోర్నమెంట్ల నుంచి వచ్చిన అలవాటు ఇది. రోవర్స్ కప్ బొంబాయిలోనే జరిగేది, డ్యూరాండ్ మొదట సిమ్లాలో, తర్వాత ఢిల్లీలో. హైదరాబాదులో 1930ల మొదట్లో పుట్టిన మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ కూడా అదే తరహా. ఇంటా బయటా ఆడే పద్ధతి లీగులతో పాటు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ పద్ధతిలో పరాయి గడ్డ మీద గెలవడం హైదరాబాదుకు కొత్తేమీ కాదు. ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయికి వెళ్లి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. రహీం వృత్తిరీత్యా బడి పంతులు. క్రికెట్‌లో 1986-87 రంజీ ఫైనల్‌ను ఎం.వి. నరసింహారావు నాయకత్వంలో హైదరాబాదు గెలిచింది ఢిల్లీ మీద, అదీ ఢిల్లీ సొంత ఫిరోజ్‌షా కోట్లాలో.

అయినా ఆతిథ్యం ఇచ్చినవాళ్లకు లాభం లేదనలేం. జాతీయ క్రీడల పట్టిక చూస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది. 1987లో కేరళ, 1994లో మహారాష్ట్ర, 1997లో కర్ణాటక, 1999లో మణిపూర్, 2001లో పంజాబ్ ఆతిథ్యమిచ్చాయి, అవే పతకాల్లో మొదట నిలిచాయి. 2002లో హైదరాబాదు కేంద్రంగా జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌దీ అదే కథ. సర్వీసెస్ జట్టు 2007లో గువాహటిలో ఈ వరస తెంచింది. సైన్యానికి సొంతూరంటూ ఏదీ లేదు, ఏ ఊరైనా దానికి ఒకటే. ఆతిథ్య రాష్ట్రానికి కలిసొచ్చేవి ప్రేక్షకుల చప్పట్లు మాత్రమే కావు. ప్రతి విభాగంలో జట్టు దించే వీలుంటుంది. ఏడాది ముందే కొత్త స్టేడియంలో సాధన మొదలవుతుంది. గచ్చిబౌలి క్రీడాప్రాంగణం 2002 క్రీడల కోసం లేచిందే.

ఇటీవల మరో ఉదాహరణ వచ్చింది. 2024-25 సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ తుది దశకు హైదరాబాదు వేదికైంది. ఆతిథ్య హోదాతో తెలంగాణకు అర్హత పోటీలు లేకుండానే చోటు దొరికింది. జట్టు గ్రూపు దశ దాటలేదు. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో కేరళ మీద బెంగాల్ 1-0తో గెలిచింది. ఇక్కడ ఆతిథ్యం గేటు తీసిపెట్టింది, అంతకుమించి చేయలేదు.

బడి ఆటలకు వస్తే, 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఇదే నమూనాను కిందిదాకా తెచ్చింది. అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో మండలం, జిల్లా, రాష్ట్రం, దేశం అని మెట్లు. ప్రతి మెట్టులో ఒక బడో, ఒక స్టేడియమో కొన్ని రోజుల పాటు వేదిక అవుతుంది. రాష్ట్రస్థాయి పోటీలకు వచ్చిన పిల్లలు ఆతిథ్య బడి తరగతి గదుల్లో బల్లలు పక్కకు జరిపి పడుకుంటారు. ఆ ఊరి జట్టు పిల్లలు ఇంటి అన్నం తిని, ఇంట్లో నిద్రపోయి పొద్దున్నే వస్తారు. సొంత కోర్టు లాభం గురించి ఎన్ని సిద్ధాంతాలున్నా, బడిపిల్లల విషయంలో నా లెక్కలో మొదటి కారణం ఈ నిద్రే.

గౌలిపుర నుంచి కోర్టుకు

గౌలిపుర చార్మినార్‌కు దక్షిణాన, శాలిబండ దాటాక, లాల్ దర్వాజాకూ ఛత్రినాకకూ ఉప్పుగూడకూ దగ్గర్లో ఉంటుంది. ఇరుకు గల్లీలు, ఆనుకుని కట్టిన ఇళ్లు. బస్తీ ప్రైవేటు బడి అంటే తరచుగా రెండు మూడంతస్తుల ఇల్లే. ప్రార్థన డాబా మీద, ఆట గేటు ముందు. 28 మీటర్ల పొడవైన చదును స్థలం ఉంటే అక్కడ మరో రెండు ఇళ్లు లేచేవి. ప్రభుత్వ బడుల్లో కొన్నింటికి ఆవరణ ఉన్నా అందులో నిలువునా కోర్టు పట్టడం కష్టం. అందుకని ఈ చుట్టుపక్కల బాస్కెట్‌బాల్ నేర్చుకోవాలనుకున్న పిల్లలు సర్కారు, బల్దియా మైదానాలకే పోవాలి. దగ్గర్లో మొఘల్‌పుర, కొంచెం ముందుకెళ్తే హైకోర్టు, సిటీ కాలేజీ వైపు కులీ కుతుబ్‌షా స్టేడియం, మూసీ దాటితే చాదర్‌ఘాట్ విక్టోరియా ప్లేగ్రౌండ్, ఇంకా పోతే ఫతే మైదాన్‌గా పేరున్న లాల్ బహదూర్ స్టేడియం.

పోటీ ఎక్కడ పెట్టినా ఈ జట్టుకు అది బయటి కోర్టే. జిల్లా పోటీ బేగంపేటలో వందెకరాలకు పైగా ఆవరణ ఉన్న హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ లాంటి చోట పెట్టినా, లాల్ బహదూర్ స్టేడియంలో పెట్టినా తేడా దూరంలోనే. రెండోది తటస్థ వేదిక అంటారు. నిజానికి ఆ చుట్టుపక్కల గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్, హైదర్‌గూడల్లోని పెద్ద బడుల పిల్లలకు అది రోజూ చూసే చోటు. వాళ్లలో కొందరు అక్కడే కోచింగ్ తీసుకుంటారు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం గౌలిపురకు ఇరవై కిలోమీటర్లకు పైనే. పొద్దున ఎనిమిదికి రిపోర్టింగ్ అంటే ఆరు గంటలకల్లా పిల్లలందరూ శాలిబండ బస్‌స్టాపులోనో, ఉప్పుగూడ ఎంఎంటీఎస్ స్టేషన్‌లోనో ఉండాలి. ఒకరు రాకపోతే పీఈటీ సార్ ఫోను పట్టుకుని వాళ్ల నాన్నను బతిమాలాలి. ఐదుగురితో మొదలయ్యే ఆటలో ఒకరు తగ్గితే ప్రత్యర్థికి ఆ లాభం ఏ ప్రేక్షకులూ ఇవ్వలేరు.

తేదీల గొడవ ఇంకోటి. బడి పోటీల మండల, జిల్లా దశలు ఎక్కువగా వానాకాలంలో వస్తాయి. పాతబస్తీకి పండుగల కాలం కూడా అదే. లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి బోనాలు, మర్నాడు ఘటాల ఊరేగింపు జరిగేటప్పుడు ఆ దారులన్నీ బారికేడ్లతో మూసుకుంటాయి. గణేశ్ నిమజ్జనం రోజు బాలాపూర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ మీదుగా చార్మినార్ వైపు సాగే ఊరేగింపు గౌలిపుర పక్కనుంచే పోతుంది. ఆ రోజు లాల్ బహదూర్ స్టేడియంలో సెమీఫైనల్ పెట్టిన నిర్వాహకుడికి నగరం ఉత్తరం వైపు మాత్రమే తెలుసు అనుకోవాలి. తటస్థ వేదిక ఎంచుకునేటప్పుడు చోటు ఒక్కటే చూస్తే సరిపోదు, రోజు కూడా తటస్థంగా ఉండాలి. సిమెంటు కోర్టు మీద వాన పడితే ఆతిథ్య బడి పిల్లలే చీపుళ్లతో నీళ్లు తోసి, గోనెసంచులు పరిచి తుడుస్తారు. ఎప్పుడు ఆరింది, ఎప్పుడు ఆడొచ్చు అని చెప్పేదీ వాళ్ల పీఈటీ సారే.

చీటీల మీద నడిచే న్యాయం

ఒకే చోట జరిగే టోర్నమెంటులో సొంత కోర్టు లాభం చాలామంది అనుకున్నట్టు గోల వల్ల రాదు, డ్రా దగ్గర వస్తుంది. పదకొండు జట్లు వచ్చాయనుకుందాం. నాకౌట్ పట్టికకు పదహారు గళ్లు కావాలి, కాబట్టి ఐదు జట్లకు మొదటి రౌండులో ‘బై’ దక్కుతుంది. వ్యాయామ విద్య పుస్తకాల్లో వీటి వరస ఇలా ఉంటుంది: మొదటి బై కింది సగంలో చివరి జట్టుకు, రెండోది పై సగంలో మొదటి జట్టుకు, మూడోది కింది సగంలో మొదటి జట్టుకు, నాలుగోది పై సగంలో చివరి జట్టుకు. ఐదోదానికి మళ్లీ మొదటి వరసే, కింది సగంలో చివరి నుంచి రెండో జట్టు. ఏ జట్టు ఏ గడిలో పడాలో చీటీలు తీసి తేలుస్తారు. బై వచ్చిన జట్టు ఒక మ్యాచ్ తక్కువ ఆడుతుంది, అంటే అలసట లేకుండా రెండో రౌండుకు వస్తుంది.

చీటీలు తీసే చోటు ఆతిథ్య బడి స్టాఫ్ రూమ్. తీసేటప్పుడు అందరు పీఈటీలూ ఎదురుగా ఉంటే పేచీ లేదు. దూరం నుంచి వచ్చే జట్టు ఆలస్యమై, వచ్చేసరికి ఫిక్చర్ గోడమీద అంటించి ఉంటే అనుమానం మొదలవుతుంది. చాలాసార్లు ఆ అనుమానానికి ఆధారం ఏమీ ఉండదు. కానీ నిరుటి విజేతను, ఆతిథ్య జట్టును వేర్వేరు సగాల్లో వేయడాన్ని సీడింగ్ అంటారో, సౌకర్యం అంటారో చెప్పే రాతపూర్వక నియమం కింది స్థాయిలో ఎవరి చేతిలోనూ ఉండదు. రెఫరీల సంగతి మరింత సున్నితం. మండల పోటీలకు విజిల్ పట్టేది వేరే బడుల పీఈటీలే. వచ్చే వారం వాళ్ల జట్టు ఇదే కోర్టులో ఆడాల్సి ఉండవచ్చు, మధ్యాహ్నం భోజనం పెట్టింది ఈ బడే.

అమెరికా పేచీ

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ వేరే హైస్కూలు సంఘం, వేరే నియమం. కాలిఫోర్నియాలో ప్రాంతీయ రౌండ్లు ఎక్కువ సీడున్న జట్టు జిమ్‌లో జరిగి, రాష్ట్ర ఫైనళ్లకు శాక్రమెంటోలోని గోల్డెన్ 1 సెంటర్‌కు మారతాయి. టెక్సాస్‌లో రాష్ట్ర ఫైనళ్లు 2015 నుంచి శాన్ ఆంటోనియో అలమోడోమ్‌లో. ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు హైస్కూలు జట్లలో చేరాక ఈ ప్రయాణాలన్నీ తల్లిదండ్రుల కార్లలోకి వచ్చాయి. సొంత కోర్టు వాదులు చెప్పేది: సీజన్ అంతా గెలిచినవాళ్లకు ఏదో ప్రతిఫలం ఉండాలి, జిమ్ నిండాలి, టికెట్ డబ్బులు బడికి చేరాలి. తటస్థ వాదులు చెప్పేది: చిన్న జిమ్‌లో బయటి ఊరివాళ్లకు సీట్లు దొరకవు, పరాయి గోల మధ్య పిల్లల జీవితంలో చివరి మ్యాచ్ తేలకూడదు. కళాశాల స్థాయిలో ఒకే దేశం రెండు దారులు పట్టింది. పురుషుల జాతీయ టోర్నమెంటులో సీజన్లో మూడు మ్యాచ్‌లకు మించి ఆడిన కోర్టులో ఆ జట్టును ఆడనివ్వరు. మహిళల టోర్నమెంటులో మొదటి రెండు రౌండ్లు మేటి పదహారు సీడు జట్ల సొంత కోర్టుల్లోనే పెడతారు, సీట్లు నిండడం కోసం.

ఈ చర్చ అంతటిలోకీ లోతుగా చూడదగ్గది ఇండియానా. 1997 దాకా అక్కడ చిన్న బడి, పెద్ద బడి అన్న తేడా లేకుండా అందరికీ ఒకటే టోర్నమెంటు. తొలి దశ పోటీలు పెద్ద జిమ్ ఉన్న బడులకు దక్కేవి కాబట్టి, ఆతిథ్యం కోసమే ఊళ్లు పోటీపడి జిమ్‌లు కట్టుకున్నాయి. ఊరి జనాభాకు మించిన సీట్లున్న జిమ్‌లు వెలిశాయి. న్యూ క్యాజిల్ ఊరి ఫీల్డ్‌హౌస్‌ను ప్రపంచంలోకెల్లా పెద్ద హైస్కూలు జిమ్‌గా చెప్పుకుంటారు. సొంత కోర్టు లాభం ఎంత విలువైనదో పరిశోధకుల కంటే ముందు ఆ ఊళ్ల పన్ను చెల్లింపుదారులు లెక్కగట్టారు.

1954 మార్చి 20న ఇండియానాపొలిస్‌లోని బట్లర్ ఫీల్డ్‌హౌస్‌లో 161 మంది విద్యార్థులున్న మైలన్ హైస్కూలు, పెద్ద బడి మన్సీ సెంట్రల్‌ను 32-30తో ఓడించింది. చివరి క్వార్టర్లో మైలన్ ఆటగాడు బాబీ ప్లంప్ నాలుగు నిమిషాలకు పైగా బంతిని చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు, ఆఖరి క్షణాల్లో అతను వేసిన షాట్‌తోనే మ్యాచ్ తేలింది. పైన చెప్పిన సినిమాకు మూలం ఈ గెలుపే. తటస్థ వేదిక చిన్నవాడికి న్యాయం చేస్తుందని చెప్పేవాళ్లు దీన్నే చూపిస్తారు.

అదే టోర్నమెంటులో, ఫైనల్‌కు ముందు దశలో మైలన్ చేతిలో ఓడిన జట్టు కథ నాకు ఇంకా పెద్దదనిపిస్తుంది. అది ఇండియానాపొలిస్‌లో నల్లజాతి పిల్లల కోసం 1927లో వేరుగా తెరిచిన క్రిస్పస్ అటక్స్ హైస్కూలు. 1942 దాకా రాష్ట్ర సంఘం ఆ బడిని పోటీలకే రానివ్వలేదు. బడి జిమ్ ఎంత చిన్నదంటే ప్రేక్షకులతో మ్యాచ్ పెట్టే వీలే లేదు. ‘హోమ్’ మ్యాచ్‌లు బట్లర్ ఫీల్డ్‌హౌస్ లాంటి అద్దె చోట్ల ఆడేవాళ్లు. ఏళ్ల తరబడి ప్రతి కోర్టూ పరాయిదైన ఆ జట్టు, ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆటతో 1955లో గ్యారీ రూజ్‌వెల్ట్‌ను 97-74తో ఓడించి రాష్ట్ర విజేత అయింది. 1956లో ఒక్క మ్యాచ్ ఓడకుండా మళ్లీ గెలిచింది. రాష్ట్ర ఫైనళ్లు జరిగింది బట్లర్‌లోనే. కాగితం మీద తటస్థమైన ఆ చోటు, సొంత జిమ్ లేని బడికి అన్నిటికంటే అలవాటైన కోర్టు. ఆట వరకు లెక్క సరిపోయింది. ఊరేగింపు దగ్గరకు వచ్చేసరికి విజేతలను నగరం నడిబొడ్డున మాన్యుమెంట్ సర్కిల్‌లో సంబరం చేసుకోనివ్వకుండా నల్లవారి పేటలోని పార్కుకు పంపించారు. కోర్టు ఎవరిదో తేల్చిన సంఘం, వీధి ఎవరిదో తేల్చలేకపోయింది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

సొంత కోర్టు లాభం మీద తొలి పెద్ద పరిశీలన 1977లో ష్వార్ట్జ్, బార్‌స్కీ చేశారు. పైకప్పు కింద ఆడే ఆటల్లో లాభం ఎక్కువని, ప్రేక్షకుల అండ ముఖ్య కారణమని వాళ్లు తేల్చారు. ఎన్‌బీఏలో సొంత జట్టు గెలుపు చాలాకాలం నూటికి అరవైకి అటూఇటూగా ఉండి, ఈ మధ్య తగ్గుతూ వస్తోంది. 2002లో నెవిల్ బృందం నలభై మంది ఫుట్‌బాల్ రెఫరీలకు ఒక మ్యాచ్ వీడియో చూపించింది. ప్రేక్షకుల గోల వింటూ చూసినవాళ్లు, శబ్దం లేకుండా చూసినవాళ్ల కంటే సొంత జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. 2011లో మాస్కోవిట్జ్, వర్తైమ్ రాసిన ‘స్కోర్‌కాస్టింగ్’ పుస్తకం ఈ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లి, లాభంలో సింహభాగం రెఫరీల మొగ్గుదే అంది. కరోనా కాలంలో ఖాళీ స్టేడియాల్లో జరిగిన జర్మన్ ఫుట్‌బాల్ లీగ్‌లో సొంత జట్ల గెలుపులు తగ్గడం వాళ్ల వాదనకు బలమిచ్చింది. బౌమైస్టర్, స్టైన్‌హిల్బర్ 1984లో దీనికి ఎదురు మాట కూడా అన్నారు. కప్పు చేతికందే ఆఖరి మ్యాచ్‌లో సొంతవాళ్ల కళ్లముందు ఆడడమే భారమై తడబడతారని.

ఇవన్నీ పెద్దవాళ్ల ఆటల లెక్కలు. బస్తీ బడి మ్యాచ్‌కు ప్రేక్షకులు ఆతిథ్య బడి తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లే కావచ్చు. కానీ విజిల్ పట్టుకున్నది అనుభవం తక్కువున్న రెఫరీ అయినప్పుడు ఆ రెండు సెక్షన్లే చాలు.

నగరానికి తెలిసిన విడ్డూరాలు

సొంత గడ్డ అనే మాట హైదరాబాదుకు విచిత్రమైన అనుభవాలు మిగిల్చింది. డెక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో రెండే మ్యాచ్‌లు గెలిచి చివర నిలిచింది, ఆ రెండూ బయటి ఊళ్లలోనే. మరుసటి ఏడు ఎన్నికల వల్ల పోటీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలితే, ఎవరికీ సొంతం కాని ఆ దేశంలో 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగళూరును ఆరు పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. 2010లో తెలంగాణ ఉద్యమం వేడి మీద దాని ‘హోమ్’ మ్యాచ్‌లు నాగపూర్, కటక్, నవీ ముంబైలకు పోయాయి. కబడ్డీలో 2024 ఫిబ్రవరి, మార్చిల్లో ప్రొ లీగ్ ప్లేఆఫ్‌లు, ఫైనల్ గచ్చిబౌలిలో జరిగాయి. తెలుగు టైటాన్స్ అప్పటికే పట్టికలో అట్టడుగున ఉంది. పుణెరి పల్టన్, హర్యానా స్టీలర్స్ తలపడిన ఆ ఫైనల్‌కు అంతకంటే తటస్థమైన స్టేడియం దొరకదు.

తటస్థ పద్ధతిని దేశం మొత్తానికి ఒకేసారి పెట్టి చూసింది క్రికెట్ బోర్డు. సొంత జట్టుకు అనుకూలంగా పిచ్‌లు తయారు చేస్తున్నారన్న ఫిర్యాదులతో 2016-17లో రంజీ మ్యాచ్‌లన్నీ తటస్థ వేదికల్లో ఆడించింది. ఆ నవంబరులో ఢిల్లీ కర్నైల్‌సింగ్ స్టేడియంలో హైదరాబాద్, త్రిపురల మ్యాచ్ పొగమంచు కాలుష్యం వల్ల రద్దయింది. అది రెండు జట్లలో ఏ ఒక్కదాని ఊరూ కాదు, ఏ ఒక్కదాని పొగా కాదు. ప్రయాణాలు పెరిగి, గ్యాలరీలు ఖాళీ అయ్యాక, మరుసటి సీజన్‌లో బోర్డు పాత పద్ధతికే తిరిగి వచ్చింది. బాస్కెట్‌బాల్‌లో ఫిబా సరిగ్గా వ్యతిరేక దిశలో నడిచింది. దేశాల మధ్య అర్హత పోటీలను 2017 నవంబరు నుంచి ఇంటా బయటా పద్ధతిలోకి మార్చింది.

కప్పు కంటే సెలెక్షన్

బడి పోటీలకు ఉన్న ఒక ప్రత్యేకత వల్ల ఈ వాదనలు మన దగ్గర కొంత పక్కకు తిరుగుతాయి. సీబీఎస్ఈ క్లస్టర్ పోటీల్లో గెలిచిన బడి జట్టే జాతీయ స్థాయికి పోతుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ దారిలో అలా కాదు. కింది మెట్టులో బడి పేరుతో ఆడిన పిల్లలను చూసి సెలెక్టర్లు జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు ఎంచుతారు. ఓడిన బడి నుంచి కూడా ఒకరిద్దరు పైకి వెళ్లవచ్చు. ఆ సర్టిఫికెట్ తర్వాత కాలేజీ స్పోర్ట్స్ కోటాలో సీటు తేవచ్చు. కాబట్టి గౌలిపుర పిల్లవాడికి కప్పు ఎవరి కోర్టులో తేలిందన్నదాని కంటే, సెలెక్టర్లు తనను ఎన్ని మ్యాచ్‌ల్లో చూశారన్నది ముఖ్యం. నేరుగా నాకౌట్ పెట్టి తొలి రౌండులోనే ఓడితే ఒక్క మ్యాచ్‌తో ఇంటికి. నాలుగేసి జట్లతో గ్రూపులు చేస్తే ఎంత బలహీనమైన జట్టుకైనా మూడు మ్యాచ్‌లు దక్కుతాయి, రెండో మ్యాచ్‌కల్లా కొత్త కోర్టు సందులు, బోర్డు తీరు కూడా అర్థమవుతాయి.

దీనికి అడ్డు పడేది కోర్టే. పదహారు జట్ల నాకౌట్ పదిహేను మ్యాచ్‌లతో అయిపోతుంది. అవే జట్లు నాలుగు గ్రూపులుగా ఆడితే లీగ్ దశకే ఇరవై నాలుగు, గ్రూపు విజేతలతో సెమీస్, ఫైనల్ కలిపి ఇరవై ఏడు. పది నిమిషాల నాలుగు క్వార్టర్లు, విరామాలు కలిపి మ్యాచ్‌కు గంటన్నర పడుతుంది. ఫ్లడ్‌లైట్లు లేని ఒకే కోర్టులో పొద్దుగూకేలోగా ఆరేడు మ్యాచ్‌లకు మించి సాగవు. నాకౌట్ అయితే మూడో రోజుకు బహుమతి ప్రదానం. లీగ్ కమ్ నాకౌట్‌కు నాలుగైదు రోజులు పడుతుంది, నడుమ వాన వస్తే ఇంకా ఎక్కువ. అన్ని రోజులు తరగతులు ఆపుకుని కోర్టు ఇవ్వగల బడులు, రెండు కోర్టులు పక్కపక్కన ఉన్న బడులు మూసీకి ఉత్తరానే ఎక్కువ.